మోచేతి దగ్గర ముంజేతి ఎముక విరిగితే: రకం ఎలా గుర్తించాలి, ఏ వైద్యం చేయించాలి

తిరుపతి, చిత్తూరు వైపు ఎముకల వైద్యుడిని ఎవరు కలిసినా అడిగే ప్రశ్న ఇది: "మోచేతి దగ్గర ఎముక విరిగిందన్నారు. పుత్తూరు కట్టు కట్టిస్తే సరిపోతుందా, ఆపరేషన్ తప్పదా?" ఏ ఎముక, ఎక్కడ, ఎంత పక్కకు జరిగిందో తెలియకుండా దీనికి అవుననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. ఆ మూడూ ఎలా తెలుసుకోవాలో, తెలిశాక వైద్యుడిని ఏం అడగాలో, కట్టు కట్టాక ఏం గమనించుకోవాలో వరసగా రాస్తున్నాను. ఇది చదివి ఇంట్లో వైద్యం చేసుకోమని కాదు. తొందరపాటుతోనో ఆలస్యంతోనో చేయి పాడు కాకూడదని నా తాపత్రయం.

ముంజేతిలో రెండు ఎముకలున్నాయి. చిటికెనవేలి వైపుది అల్నా, బొటనవేలి వైపుది రేడియస్. మోచేతి వెనక గట్టిగా తగిలే మొన అల్నా పై కొస, దాన్ని ఒలెక్రానాన్ అంటారు. ముందు వైపు చిన్న ముక్కులా ఉండేది కొరొనాయిడ్. రేడియస్ పైన గుండ్రటి తల ఉంటుంది. అరచేతిని పైకీ కిందికీ తిప్పినప్పుడల్లా ఆ తల తిరుగుతుంది. ఈ భాగాలన్నీ కీలులోవే కాబట్టి ఎముక అతుక్కున్నంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. కీలు తన స్థానంలో ఉండాలి, కదలాలి. మోచేయి మూడు వారాలకు మించి కదలకుండా ఉంటే బిగుసుకుపోతుంది. కింద చెప్పే నిర్ణయాలన్నీ ఈ రెండు విషయాల మీదే ఆధారపడ్డాయి.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- గట్టి అట్టముక్క, లేదా మందంగా మడిచిన దినపత్రిక
- రెండు తువ్వాళ్లు లేదా పాత చీర ముక్క
- గుడ్డలో చుట్టిన ఐసు
- ఉంగరం జారడానికి సబ్బు లేదా కొబ్బరినూనె
- ఆధార్, రేషన్ కార్డు (డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స వర్తిస్తుందేమో ఆసుపత్రిలో అడగడానికి)
- ఫోను. ప్రతి ఎక్స్‌రేనూ వెలుతురుకు ఎదురుగా పెట్టి ఫొటో తీసుకోండి. తర్వాతి ఎక్స్‌రేతో పోల్చి చూడటానికి ఇంతకన్నా పనికొచ్చేది లేదు.

1. చేతిని ఉన్నచోటే నిలపండి

మామిడి కోతల్లో చెట్టు మీద నుంచి జారినా, పాల క్యాన్లతో వెళ్తూ బండి మీద నుంచి పడినా, అలిపిరి మెట్ల మీద కాలు తడబడినా మనిషి చేతులు చాచి నేలను ఆపుకోబోతాడు. ఆ దెబ్బ అరచేతి నుంచి మోచేతికి ఎక్కుతుంది.

ముందు గాజులు, ఉంగరాలు, వాచీ, మణికట్టుకు కట్టిన దారాలు తీసేయండి. దేవుడి దారమని వెనకాడకండి, తర్వాత కొత్తది కట్టుకోవచ్చు. గంటలో వాపు పెరిగితే ఉంగరాన్ని కోయాల్సి వస్తుంది. చేయి ఏ వంపులో ఉందో ఆ వంపులోనే అట్టముక్కను ముంజేతి కింద పెట్టి, తువ్వాలుతో వదులుగా చుట్టి, మెడకు జోలె కట్టండి. ఐసు ఒక్కోసారి 15 నిమిషాలు చాలు. చర్మానికి నేరుగా తగలనివ్వకండి.

చేయకూడనివి: లాగడం, సరిచేయబోవడం, నూనె పెట్టి రుద్దడం. "బెణికింది, రుద్దితే పోతుంది" అనే మాట ఎవరు చెప్పినా వినకండి. ఆపరేషన్ అవసరం కావచ్చు కాబట్టి వైద్యుడు చూసేదాకా ఏమీ తినిపించకండి.

ఎముక చర్మాన్ని చీల్చుకుని వచ్చినా, విరిగినచోట పుండు ఉండి రక్తం కారుతున్నా శుభ్రమైన గుడ్డ కప్పి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. పసుపు, కాఫీపొడి, ఆకు పసరు ఏదీ పెట్టవద్దు. ఇలాంటి గాయానికి యాంటీబయాటిక్ ఎంత త్వరగా పడితే అంత మంచిది.

2. వేళ్లు చూడండి

ఇది ఒక్క నిమిషం పని. చాలామంది చేయరు. ఆసుపత్రికి బయలుదేరే ముందు ఒకసారి, కట్టు కట్టగానే ఒకసారి, ఇంటికి వచ్చాక కొన్ని గంటలకోసారి చేయండి.

- గోరును నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి.
- బొటనవేలిని పైకెత్తమనండి. వేళ్లను మొదళ్ల దగ్గర నుంచి నిటారుగా చాపమనండి. చేయలేకపోతే రేడియస్ మెడ పక్కగా వెళ్లే నరం దెబ్బతిని ఉండవచ్చు.
- బొటనవేలు, చూపుడువేలు కొనలు కలిపి గుండ్రంగా సున్నా చుట్టమనండి.
- వేళ్లను విసనకర్రలా విప్పమనండి. చిటికెనవేలు తిమ్మిరిగా ఉందా అని అడగండి.

వీటిలో ఏది చేయలేకపోయినా వైద్యుడికి ముందే చెప్పి, చీటీలో రాయించండి. కింద పడినప్పుడే నరం దెబ్బతిన్నదా, కట్టు తర్వాత దెబ్బతిన్నదా అన్నది తెలియకపోతే తర్వాతి వైద్యం గందరగోళమవుతుంది.

ఒక చిన్న పరీక్ష కూడా ఉంది. పెద్దవాళ్లు బలవంతం లేకుండా తమంతట తాము మోచేతిని పూర్తిగా చాచగలిగితే విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. కానీ అసలు లేదని కాదు. నొప్పి తగ్గకపోతే ఎక్స్‌రే తీయించాల్సిందే.

3. ఎక్కడికి వెళ్లాలి

తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రి, స్విమ్స్, తితిదే నడిపే బర్డ్ ఆసుపత్రి ఉన్నాయి. చిత్తూరులో జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, వేలూరు కూడా దగ్గరే. వాహనం లేకపోతే 108కి ఫోను చేయండి.

ఇక పుత్తూరు కట్టు. పుత్తూరు పక్కనున్న రాచపాళెంలో తరతరాలుగా ఎముకలకు కట్టు కడుతున్నారు. తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా జనం వస్తారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలతో కట్టే ఆ కట్టు మీద ఈ ప్రాంతానికి ఉన్న నమ్మకం నాకు తెలుసు. దాన్ని చులకన చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఎముకను బయటి నుంచి పట్టి ఉంచడానికే ఏ కట్టైనా పనికొస్తుంది, సిమెంటు కట్టైనా అంతే. మోచేతి దగ్గర కొన్ని విరుగుళ్లను లోపలి కండరమే లాగి విడదీస్తూ ఉంటుంది. వాటిని బయటి కట్టు ఏదీ ఆపలేదు. కాబట్టి ఎక్కడ కట్టించుకోదలచినా ముందు ఎక్స్‌రే తీయించండి, 5, 6 మెట్లలో చెప్పినవి సరిచూసుకోండి, ఆ తర్వాతే నిర్ణయించుకోండి. ఈ వరసను తలకిందులు చేయవద్దు.

4. ఎక్స్‌రే సరిగ్గా తీయించండి

ఒక్క ఫిల్ముతో ఇంటికి రాకండి. మోచేతిని ఎదురుగా ఒకటి, 90 డిగ్రీలు మడిచి సరిగ్గా పక్కనుంచి ఒకటి తీయాలి. నొప్పి వల్ల చేయి కుదరక పక్క ఫిల్ము చాలాసార్లు వంకరగా వస్తుంది. వంకర ఫిల్ములో చిన్న పగుళ్లు దాక్కుంటాయి, మళ్లీ తీయమని అడగడానికి మొహమాటపడవద్దు. మణికట్టు నొక్కితే నొప్పి ఉంటే మణికట్టుతో సహా ముంజేయి మొత్తం తీయాలి. రేడియస్ తల నలిగి, రెండెముకల మధ్య పొర చిరిగి, మణికట్టు దగ్గర కీలు కూడా తప్పే గాయం ఒకటి ఉంది. దాన్ని ఎసెక్స్-లోప్రెస్టి గాయం అంటారు. మణికట్టును చూడకపోతే అది దొరకదు.

పక్క ఫిల్ములో భుజపు ఎముక (భుజం నుంచి మోచేతి దాకా ఉండేది) కింది కొస వెనక నల్లటి నీడ కనిపిస్తే, గీత ఏదీ కనిపించకపోయినా లోపల పగులు ఉందనే అనుమానించాలి. కీలులో రక్తం చేరి అక్కడి కొవ్వును బయటికి నెట్టడం వల్ల ఆ నీడ వస్తుంది. ముక్కలు ఎక్కువైనా, కీలు తప్పినా సీటీ స్కాన్ అవసరం.

పిల్లల విషయంలో జాగ్రత్త. మోచేతి చుట్టూ ఆరు ఎముక కేంద్రాలు (మెత్తని మృదులాస్థి ఎముకగా మారడం మొదలయ్యే చోట్లు) వయసుతో ఒక్కొక్కటిగా కనిపిస్తాయి, సుమారు ఏడాదికి మొదలై పదకొండేళ్ల దాకా. వాటిని విరిగిన ముక్కలనుకునే ప్రమాదం ఉంది, ముక్కను ఎముక కేంద్రమనుకునే ప్రమాదమూ ఉంది. అనుమానం వస్తే రెండో చేతిని కూడా తీసి పోల్చమని అడగండి.

5. ఒక గీత గీయండి

నా మటుకు ఈ వ్యాసంలో అన్నిటికన్నా విలువైన మెట్టు ఇదే. ఎక్స్‌రే మీద స్కేలు పెట్టి రేడియస్ పై భాగం నడిమధ్య నుంచి తల మధ్యగా ఒక గీత ఊహించండి. ఆ గీత భుజపు ఎముక కింద బయటి వైపున్న గుండ్రటి ఉబ్బు మధ్యలోకి వెళ్లాలి. చేయి ఎంత మడిచినా, ఏ కోణంలో ఫిల్ము తీసినా వెళ్లాలి. పక్కకు పోతే రేడియస్ తల కీలులోంచి తప్పినట్టే.

అల్నా విరిగి, దాంతోపాటు రేడియస్ తల తప్పడాన్ని మాంటెజ్జియా గాయం అంటారు. మిలాన్‌కు చెందిన జొవాన్ని బాటిస్టా మాంటెజ్జియా 1814లో దీన్ని వర్ణించాడు. అల్నా విరుగుడు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, కన్ను అక్కడే ఆగిపోతుంది. దానికి కట్టు కట్టి పంపేస్తారు. ఎముక అతుక్కుంటుంది, చేయి మాత్రం మడవదు. అప్పుడు చూస్తే తల బయటే ఉంటుంది. కొన్ని వారాలు దాటితే దాన్ని లోపలికి తేవడానికి పెద్ద ఆపరేషన్ కావాలి, ఫలితమూ అంత బాగుండదు. కర్ర దెబ్బకు చేయి అడ్డం పెట్టినప్పుడు అల్నా ఒక్కటే విరగడం మామూలే. అలా ఒక్కటే విరిగిందని చెప్పినప్పుడల్లా ఈ గీత చూడమనండి. పిల్లల్లో అల్నా విరగకుండా వంగడం మాత్రమే జరిగి తల తప్పిన సందర్భాలూ ఉంటాయి.

6. రకాన్ని బట్టి వైద్యం

*రేడియస్ తల.* మోచేతి బయటి వైపు నొక్కితే నొప్పి, అరచేయి తిప్పితే నొప్పి. 1954లో మేసన్ చేసిన విభజననే, తర్వాతి మార్పులతో, ఇప్పటికీ వాడుతున్నాం.

మొదటి రకంలో పగులు ఉంటుంది, ముక్క కదలదు, లేదా 2 మిల్లీమీటర్లలోపే కదులుతుంది. దీనికి సిమెంటు కట్టు, దబ్బల కట్టు ఏదీ అక్కర్లేదు. కొద్ది రోజులు జోలె, ఆ తర్వాత కదలిక. నెలరోజులు కట్టి ఉంచడమే దీనికి చేసే పెద్ద అపకారం. నొప్పి బాగా ఉంటే వైద్యుడు సూదితో కీలులోని రక్తం తీసి మత్తుమందు ఇవ్వవచ్చు. అప్పుడు అరచేయి రెండు వైపులా తిరుగుతోందో లేదో కూడా తెలిసిపోతుంది.

రెండో రకంలో ముక్క 2 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ జరుగుతుంది. ఇక్కడ మీరు అడగాల్సిన ప్రశ్న: "తిప్పితే ముక్క అడ్డుపడుతోందా?" అడ్డుపడకపోతే ఆపరేషన్ లేకుండా చూడవచ్చు. అడ్డుపడితే చిన్న స్క్రూలు వేయాలి. మూడో రకంలో తల నుజ్జవుతుంది. మూడుకు మించి ముక్కలైతే వాటిని అతికించే కన్నా లోహపు తల పెట్టడం మేలు. తలను తీసేసి ఊరుకోవడం, కీలును పట్టి ఉంచే స్నాయువులు, రెండెముకల మధ్య పొర చెక్కుచెదరలేదని తేలితేనే. నాలుగోది 1962లో జాన్‌స్టన్ చేర్చినది, మోచేయి కూడా తప్పిన రకం.

*ఒలెక్రానాన్.* మోచేతి వెనక దెబ్బ తగిలినచోట వేలితో తడిమితే ఒక్కోసారి సందు తెలుస్తుంది. చేతిని తల మీదికి ఎత్తి మోచేతిని చాపలేరు. మేయో విభజనలో మొదటి రకం జరగనిది, రెండోది జరిగినా కీలు నిలిచినది, మూడోది కీలు తప్పినది. జరగనిదైతే రెండు మూడు వారాలు స్లాబ్ కట్టు (చేతికి ఒక వైపే వేసే సిమెంటు కట్టు), వారానికి మళ్లీ ఎక్స్‌రే. జరిగిందంటే చేయి వెనక పెద్ద కండరం ఆ ముక్కను పైకి లాగేస్తోందని అర్థం. కట్టుతో అది దిగిరాదు. రెండు ముక్కలైతే కె వైర్లు (సన్నటి స్టీలు కడ్డీలు), వాటి చుట్టూ ఎనిమిది అంకెలా స్టీలు తీగ. ముక్కలెక్కువైనా కీలు తప్పినా ప్లేటు. ఒక మినహాయింపు ఉంది. బాగా వయసు మళ్లి, ఇంట్లో తేలికపాటి పనులే చేసుకునే పెద్దవాళ్లలో కీలు నిలిచి ఉంటే, ముక్క జరిగినా ఆపరేషన్ లేకుండానే చేయి పనికొస్తుంది. అవ్వకో తాతకో మత్తు ఇవ్వడం ప్రమాదమన్నప్పుడు ఈ సంగతి అడిగి తెలుసుకోండి.

*కొరొనాయిడ్.* రీగన్, మారీ 1989లో దీన్ని మూడుగా విడదీశారు: కొస మాత్రమే, సగంలోపు, సగానికి పైన. చూడటానికి చిన్న ముక్క కదా అని వదిలేయకండి. మోచేయి వెనక్కి జారిపోకుండా ఆపేది ఆ ముక్కే. మోచేయి తప్పి, రేడియస్ తలా కొరొనాయిడూ రెండూ విరిగితే కీలు నిలవదు. వీళ్లలో దాదాపు అందరికీ ఆపరేషన్ చేయాలి. మోచేయి తప్పిందని లోపలికి కూర్చోబెట్టాక వైద్యుడిని తప్పకుండా అడగండి: "ఇంకేమైనా విరిగిందా?"

*మాంటెజ్జియా.* 1967 నాటి బాడో విభజనలో తల ముందుకు, వెనక్కి, పక్కకు తప్పడం మొదటి మూడు రకాలు. తల ముందుకు తప్పి, రెండెముకలూ విరగడం నాలుగోది. పెద్దవాళ్లకు అల్నాకు ప్లేటు వేయాలి. అల్నా పొడవు, వంపు సరిగ్గా కుదిరితే తల చాలాసార్లు తనంతట తానే చోటికి వస్తుంది. రాలేదంటే ముందు అల్నానే మళ్లీ చూడాలి. పిల్లలకు చాలావరకు మత్తు ఇచ్చి సరిచేసి సిమెంటు కట్టు వేస్తే సరిపోతుంది, కానీ వారం వారం ఎక్స్‌రే తప్పదు.

పిల్లల సంగతి ఇంకో రెండు మాటలు. నాలుగేళ్లలోపు బిడ్డను చేయి పట్టి పైకి లాగాక చేయి వేలాడేసి ఏడుస్తుంటే అది సాధారణంగా విరుగుడు కాదు, రేడియస్ తల తన చుట్టూ ఉంగరంలా ఉండే స్నాయువులోంచి కొద్దిగా జారడం. తెలిసిన వైద్యుడు క్షణంలో సరిచేస్తారు. పడి దెబ్బ తగిలి మోచేయి పైన వాచిందంటే భుజపు ఎముక కింది భాగం విరిగి ఉండవచ్చు. రక్తనాళం నలిగే ప్రమాదం ఎక్కువగా ఉన్నది దానిలోనే, రాత్రైనా ఆగకండి.

7. కట్టు కట్టాక మొదటి రెండు రోజులు

చేతిని దిండ్ల మీద గుండె కన్నా ఎత్తులో ఉంచండి. వేళ్లను గంటగంటకూ ముడిచి విప్పండి. వాపు పెరిగేది ఈ రెండు రోజుల్లోనే, ఏ కట్టైనా బిగుసుకునేదీ ఇప్పుడే.

వెంటనే వెళ్లాల్సిన గుర్తులు: మందు వేసినా పెరుగుతూ పోయే నొప్పి, వేళ్లను మెల్లగా చాపితే ముంజేతిలో ప్రాణం పోయేంత నొప్పి, వేళ్లు తిమ్మిరెక్కడం, తెల్లబడటం లేదా నీలంగా మారడం. కండరం లోపల ఒత్తిడి పెరిగి రక్తం అందడం లేదన్నమాట. గంటలు గడిచేకొద్దీ కండరం చచ్చిపోతుంది, వేళ్లు కొంగర్లు పోతాయి, ఆ నష్టాన్ని ఎవరూ పూడ్చలేరు. "కట్టిన చోటికే వెళ్లి విప్పించాలి, పొద్దున వెళ్దాం" అని కూర్చోవద్దు. దగ్గర్లోని ఏ ఆసుపత్రిలోనైనా కట్టును లోపలి దూదితో సహా, చర్మం కనిపించేదాకా కోయించండి. నాడి దొరుకుతోంది కదా అని ధైర్యపడకండి, నాడి చివరిదాకా ఆడుతూనే ఉంటుంది.

8. ఒకటి, రెండు వారాలకు మళ్లీ ఎక్స్‌రే

నొప్పి తగ్గిందని మానేసేది ఇదే. ముక్క జారేది కూడా ఈ రోజుల్లోనే. ఫోనులోని పాత ఫొటో పక్కన పెట్టి చూడండి: సందు పెరిగిందా, 5వ మెట్టు గీత ఇంకా సరిగ్గా పోతోందా. రెండు వారాల్లో పట్టుకుంటే సరిచేయడం తేలిక.

9. కదలిక

వైద్యుడు సరే అన్న రోజు నుంచి రోజుకు నాలుగైదు సార్లు, ఒక్కోసారి పదేసి.

బల్ల మీద తువ్వాలు మడిచి పెట్టి దాని మీద మోచేయి ఆనించండి. మెల్లగా మడవండి, మెల్లగా చాపండి. రెండో చేతితో ఆసరా ఇవ్వవచ్చు, నెట్టకూడదు. తర్వాత మోచేతిని పక్కటెముకలకు ఆనించి, 90 డిగ్రీలు మడిచి, పిడికిట్లో గరిట పట్టుకుని ముంజేతిని అటూ ఇటూ తిప్పండి. మోచేయి ఒంటి నుంచి విడివడితే భుజం తిరుగుతుంది, ముంజేయి కాదు. ఈ పొరపాటు చేయనివాళ్లు అరుదు. అద్దం ముందు నిలబడి చేస్తే తెలుస్తుంది.

ఒలెక్రానాన్‌కు తీగ గానీ ప్లేటు గానీ వేసి ఉంటే, ఎముక అతుక్కునేదాకా, అంటే సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఆ చేతిని కుర్చీకి ఆనించి పైకి లేవవద్దు.

రెండు పనులు మాత్రం ఎవరు చెప్పినా చేయవద్దు. ఒకటి, నూనె పెట్టి మర్దన చేయడం. రెండు, "చేయి సాగుతుంది" అని నీళ్ల బకెట్ మోయించడం. దెబ్బతిన్న మోచేతి చుట్టూ కండరాన్ని నలిపినా, బలవంతంగా సాగదీసినా ఆ కండరంలోనే ఎముక పెరిగే ప్రమాదం ఉంది. అప్పుడు చేయి మునుపటికన్నా బిగుసుకుంటుంది. చేసిన వ్యాయామం సరైనదో కాదో మీకే తెలుస్తుంది: నొప్పి అరగంటలో సర్దుకుంటే సరైనది, మర్నాటికి వాపు పెరిగితే మోతాదు మించింది.

10. ఫలితం చూసుకోవడం

రోజువారీ పనులకు మోచేయి 30 నుంచి 130 డిగ్రీల మధ్య కదిలితే, అరచేయి రెండు వైపులా 50 డిగ్రీల చొప్పున తిరిగితే చాలు. కోణమాని అక్కర్లేదు. ముద్ద నోటికి అందుతోందా, తల దువ్వుకోగలరా, గుళ్లో తీర్థం కారిపోకుండా అరచేయి పట్టగలరా, ఆ చేత్తో ఫోను చెవి దగ్గర పెట్టుకోగలరా, చూడండి. చివరి పది పదిహేను డిగ్రీలు చాపలేకపోవడం చాలామందిలో మిగిలిపోతుంది, దానివల్ల పనికి ఆటంకం ఉండదు. ఆ కొంచెం కోసం చేతిని విరిచినట్టు నెట్టించుకోకండి.

ఆరు వారాలు దాటినా ముద్ద నోటికి అందకపోతే, అరచేయి తిరుగుతూ ఒకచోట ఠక్కున ఆగిపోతుంటే, చిటికెనవేలి తిమ్మిరి తగ్గకపోతే పాత ఎక్స్‌రేలన్నీ పట్టుకుని మళ్లీ వెళ్లండి. ఒలెక్రానాన్‌కు వేసిన తీగ కొసలు నెలల తర్వాత చర్మం కింద గుచ్చుకోవడం తరచుగా జరుగుతుంది. ఎముక పూర్తిగా అతుక్కుందని ఎక్స్‌రేలో తేలాక వాటిని తీయించుకోవచ్చు. అక్కడ చర్మం ఎర్రబడి చీము కనిపిస్తే మాత్రం అదే రోజు చూపించుకోండి. మధుమేహం ఉన్నవాళ్లు మరీ ముఖ్యంగా.